తెర నల్లబడితే తెలుస్తుంది, సగం తెలిస్తేనే ప్రమాదం

2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం. అమెరికాలోని నెవార్క్ విమానాశ్రయానికి వచ్చే, వెళ్లే విమానాలను ఫిలడెల్ఫియా కేంద్రంలోని కంట్రోలర్లు నడిపిస్తున్నారు. ఉన్నట్టుండి వాళ్ల ముందున్న తెరలు ఖాళీ అయిపోయాయి. రేడియో కూడా మూగబోయింది. రేడియో అర నిమిషంలో తిరిగొచ్చింది కానీ, రాడార్ చిత్రం రావడానికి నిమిషం నుంచి నిమిషంన్నర పట్టింది. ఏ రెండు విమానాలూ ఢీకొనలేదు. అయినా ఆ గదిలో పనిచేసిన కొందరు మానసిక ఆఘాతం కారణంగా 45 రోజుల సెలవు తీసుకున్నారు. అసలే మనుషులు తక్కువ, వాళ్లూ లేకపోవడంతో రోజుల తరబడి రాకపోకలు అస్తవ్యస్తమయ్యాయి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ అక్కడి నుంచి రోజుకు 35 సర్వీసులు తగ్గించుకుంది. మే 9 తెల్లవారుజామున 3.55కి మళ్లీ అదే జరిగింది. ఈసారీ తెరలు దాదాపు 90 సెకన్లు ఖాళీ.

తొంభై సెకన్లంటే ఎంత? పది వేల అడుగుల కంటే దిగువన ఎగిరే విమానాలకు అమెరికాలో వేగ పరిమితి 250 నాట్లు, అంటే గంటకు సుమారు 463 కిలోమీటర్లు. ఆ వేగంతో 90 సెకన్లలో ఒక విమానం పదకొండు కిలోమీటర్లు దాటి పోతుంది. విమానాశ్రయం పరిసరాల్లో రాడార్ ఉన్నప్పుడు రెండు విమానాల మధ్య ఉంచాల్సిన దూరం 3 నాటికల్ మైళ్లు, అంటే ఐదున్నర కిలోమీటర్లు. చూపు లేని ఆ కాస్త సమయంలో ప్రతి విమానమూ ఉంచాల్సిన ఎడానికి రెండింతల దూరం ప్రయాణించిందన్నమాట.

దీన్ని అందరూ రాడార్ వైఫల్యం అనే అన్నారు. నిజానికి ఆ రోజు ఏ రాడారూ ఆగలేదు. యాంటెన్నాలు తిరుగుతూనే ఉన్నాయి, విమానాల జాడ పడుతూనే ఉంది. అది చూడాల్సిన మనిషి దాకా రాలేదు, అంతే. నెవార్క్ గగనతలం బాధ్యతను 2024 జూలైలో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని కేంద్రం నుంచి ఫిలడెల్ఫియాకు మార్చారు. మనుషులు మారారు గానీ రాడార్ సమాచారం మాత్రం న్యూయార్క్ వైపు నుంచే టెలికాం లైన్ల మీద రావాలి. వాటిలో పాతకాలపు రాగి తీగలూ ఉన్నాయి. ప్రధాన లైను పోయింది. వెంటనే అందుకోవాల్సిన రెండో లైను అందుకోలేదు.

గత మూడు దశాబ్దాల్లో వార్తలకెక్కిన పెద్ద వైఫల్యాలను వరసగా చూస్తే రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, చెడిపోయేది రాడార్ కన్నా రాడార్‌కూ తెరకూ మధ్య ఉన్న సరంజామానే. రెండోది దీనికన్నా ముఖ్యమైనది. పూర్తిగా చీకటి పడిన రోజున గగ్గోలు ఎక్కువ, ప్రాణనష్టం మాత్రం లేదు. ప్రాణాలు పోయినవి తెర వెలుగుతూనే ఉండి, దాని వెనక ఏదో ఒక్కటి నిశ్శబ్దంగా పనిచేయని రోజుల్లో.

యాంటెన్నా నుంచి తెర దాకా

విమానాల రాకపోకలను నియంత్రించే వ్యవస్థ, అంటే ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్), వాడే రాడార్లు రెండు రకాలు. ప్రైమరీ రాడార్ రేడియో తరంగాన్ని వదిలి, విమానం ఒంటికి తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో దాన్ని బట్టి తెలుస్తుంది. అది ఏ విమానమో, ఎంత ఎత్తులో ఉందో తెలియదు. సెకండరీ రాడార్ ప్రతిధ్వని కోసం ఎదురుచూడదు. 1030 మెగాహెర్ట్జ్ మీద ప్రశ్న అడుగుతుంది, విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090 మెగాహెర్ట్జ్ మీద జవాబిస్తుంది. జవాబులో నాలుగంకెల కోడ్, విమానం ఎత్తు ఉంటాయి. ఆ అంకెలు సున్నా నుంచి ఏడు దాకానే కాబట్టి మొత్తం కోడ్‌లు 4,096. రేడియో పోయిందని చెప్పడానికి 7600, అత్యవసర పరిస్థితికి 7700.

ఈ తేడా ఎంత పెద్దదో చర్ఖీ దాద్రీ చెబుతుంది. 1996 నవంబరు 12న ఢిల్లీకి పశ్చిమాన సౌదీ అరేబియా బోయింగ్ 747, కజకిస్థాన్ ఇల్యూషిన్-76 గాల్లో ఢీకొని 349 మంది చనిపోయారు. అప్పటికి ఢిల్లీ కంట్రోలర్ ముందున్నది ప్రైమరీ రాడార్ మాత్రమే. రెండు చుక్కలు దగ్గరవుతున్నాయని కనిపిస్తుంది. కజక్ విమానం తనకు కేటాయించిన 15,000 అడుగుల ఎత్తులోనే ఉందా, అంతకంటే దిగిపోయిందా అన్నది పైలట్ నోటి మాట మీదే ఆధారపడాలి. కజక్ విమానం దిగిపోయింది. అక్కడ ఏ పరికరమూ చెడలేదు. ఉండాల్సిన పరికరం ఇంకా పనిలోకి రాలేదు.

సెకండరీ రాడార్ ఉన్నా తెర మీద కనిపించేది ఇప్పటి స్థానం కాదు. విమానాశ్రయ రాడార్ ఒక చుట్టు తిరగడానికి అయిదు సెకన్ల వరకూ, సుదూర మార్గాలను చూసే రాడార్ తిరగడానికి పది పన్నెండు సెకన్లూ పడుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం పన్నెండు సెకన్లలో మూడు కిలోమీటర్లు జరిగిపోతుంది. ఒకటి రెండు చుట్లలో జవాబు రాకపోతే కంప్యూటర్ పాత వేగాన్నీ దిశనూ బట్టి స్థానాన్ని ఊహించి గుర్తును ముందుకు జరుపుతుంది. చాలా వ్యవస్థల్లో ఇలా ఊహించి గీసిన గుర్తుకు రూపం కొద్దిగా మారుతుంది. రద్దీలో ఉన్న కంట్రోలర్ ఆ మార్పును గమనించాలి.

అసలు దారి ఇంకా పొడవైనది. యాంటెన్నా పట్టిన సంకేతాన్ని అక్కడే ఒక ప్రాసెసర్ శుభ్రం చేస్తుంది. అది టెలికాం లైను మీద కంట్రోల్ కేంద్రానికి వస్తుంది. అక్కడ పలు రాడార్ల నుంచి వచ్చినవన్నీ కలిపి ఒక్కో విమానానికి ఒక్క గుర్తు తయారవుతుంది. దానికి ఫ్లైట్ ప్లాన్‌లోని పేరు, గమ్యం, మార్గం అతుకుతాయి. అప్పుడు తెర మీదకు వస్తుంది. ఈ పొడవునా అడుగడుగునా కరెంటు ఉండాలి. ఒక ప్రాంతాన్ని రెండు మూడు రాడార్లు చూస్తుంటాయి కాబట్టి ఒక యాంటెన్నా ఆగినంత మాత్రాన కొంప మునగదు. అన్ని రాడార్లూ వచ్చి కలిసే గది, గదిలోకి వచ్చే తీగ, గదికి వచ్చే కరెంటు, వీటి సంగతి వేరు.

మనీలాలో 2023 జనవరి 1న పోయింది కరెంటే. ఫిలిప్పీన్స్ గగనతలాన్నంతా నడిపే కేంద్రంలో నిరంతర విద్యుత్ అందించే యూపీఎస్ దగ్గర లోపం తలెత్తింది. రెండో యూపీఎస్ అందుకోలేదు. నేరుగా బయటి కరెంటుకు కలపబోతే 220 వోల్టులు రావాల్సిన చోట 380 వోల్టులు వచ్చి మరికొన్ని పరికరాలు దెబ్బతిన్నాయని అక్కడి అధికారులు చెప్పారు. రాడార్, రేడియో, ఇంటర్నెట్ అన్నీ ఒక్కసారే పోయాయి. కొత్త సంవత్సరం మొదటి రోజున దాదాపు 300 విమానాలు, 56 వేల మందికి పైగా ప్రయాణికులు చిక్కుకుపోయారు. ఆ వ్యవస్థ పాతది కూడా కాదు, 2018లో ప్రారంభించినది. పాత పరికరాలే చెడతాయన్న మాటకు మనీలా ఒక మినహాయింపు.

2025 నవంబరు తొలివారంలో ఢిల్లీలో 800కు పైగా విమానాలు ఆలస్యమైనప్పుడు కూడా రాడార్ ఆగిందనే చాలామంది అనుకున్నారు. అక్కడ పోయింది సందేశాలను చేరవేసే స్విచ్చింగ్ వ్యవస్థ. ఫ్లైట్ ప్లాన్‌లు వాటంతట అవి కంట్రోలర్ దాకా రావాల్సింది, రాలేదు. వాటిని చేత్తో ఎక్కించుకుంటూ పని నడిపారు. తెర మీద విమానం కనిపిస్తోంది, అది ఎవరిదో ఎక్కడికో అతికే వివరం ఆలస్యమవుతోంది. నష్టం భద్రతకు కాదు, వేగానికి.

కవలల్లాంటి బ్యాకప్‌లు

ప్రతి కేంద్రంలోనూ ప్రధాన వ్యవస్థకు తోడు రెండోది ఉంటుంది, కొన్నిచోట్ల మూడోది కూడా. మరి రెండూ ఒకేసారి ఎందుకు పడిపోతాయి?

బ్రిటన్‌లోని స్వానిక్ కేంద్రంలో 2014 డిసెంబరు 12న జరిగినది ఈ ప్రశ్నకు చక్కటి జవాబు. ఫ్లైట్ ప్లాన్ సమాచారాన్ని తెరలకు అందించే సర్వర్ ఆగిపోయింది. పక్కనే సిద్ధంగా ఉన్న రెండో సర్వర్ పని అందుకుని, కొద్ది క్షణాల్లో అదీ ఆగిపోయింది. విచారణలో తేలిన కారణం విచిత్రంగా ఉంటుంది. ఒకేసారి పనిచేసే కంట్రోలర్ల స్థానాలు గరిష్ఠంగా 193 ఉండొచ్చని వ్యవస్థను రూపొందించారు. ప్రోగ్రామ్‌లో ఒక్కచోట మాత్రం 193కు బదులు 151 అన్న పరిమితి ఉండిపోయింది. అది 1990ల నాటి రాత. ఏళ్ల తరబడి ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే లెక్క ఎప్పుడూ 151 దాటలేదు. అంతకు ముందు రోజే సైనిక కంట్రోలర్ల కోసం కొన్ని స్థానాలు చేర్చారు. లెక్క 153 అయింది. మొదటి సర్వర్ ఏ తప్పు దగ్గర పడిపోయిందో, అదే ప్రోగ్రామ్ నడుపుతున్న రెండో సర్వర్‌కు అదే లెక్క వెళ్లింది. అదీ అక్కడే పడింది.

2023 ఆగస్టు 28న బ్రిటన్‌లోనే మళ్లీ ఇదే కథ, వేరే పాత్రలతో. లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్‌కు వెళ్లే ఒక విమానం ప్లాన్‌లో, దారిలోని పాయింటును సూచించే డీవీఎల్ అన్న గుర్తు రెండుసార్లు వచ్చింది. ఒకటి అమెరికాలోని డెవిల్స్ లేక్, మరొకటి ఫ్రాన్స్‌లోని డోవిల్. ప్రోగ్రామ్ తికమకపడి, తప్పుడు సమాచారం కంట్రోలర్లకు పంపడం కన్నా ఆగిపోవడమే మేలని ఆగింది. అదే ప్లాన్ రెండో కంప్యూటర్‌కు వెళ్లింది. అదీ ఆగింది. రెండూ పడిపోవడానికి ఇరవై సెకన్లు పట్టింది. ప్రయాణికుల్లో ఏడు లక్షల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. ఆ కంప్యూటర్ తనను తాను ఆపేసుకోవడం సరైన నిర్ణయమేనన్నది ఇక్కడ చెప్పుకోవాల్సిన మాట. రూపకల్పనలో తప్పు ఆగడంలో లేదు, బ్యాకప్‌కు మళ్లీ అదే ముద్ద తినిపించడంలో ఉంది.

లాస్ ఏంజెలెస్ కేంద్రానిది మరో రకం. 2014 ఏప్రిల్ 30న యూ-2 గూఢచారి విమానం ఒకటి ఆ గగనతలంలోకి వచ్చింది. దాని ఎత్తు వివరం వ్యవస్థకు అర్థమయ్యే రీతిలో లేకపోవడంతో, నేల నుంచి ఆకాశం దాకా అన్ని ఎత్తుల్లోనూ దాని దారిని లెక్కగట్టబోయి కంప్యూటర్ మెమరీ చాలక చతికిలబడింది. అదే కేంద్రంలో అంతకు పదేళ్ల ముందు, 2004 సెప్టెంబరు 14న, రేడియో సంభాషణల వ్యవస్థ మూడు గంటలు ఆగిపోయింది. మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడియారం 49.7 రోజులకు అయిపోతుంది. అందుకే 30 రోజులకోసారి వ్యవస్థను ఆపి మళ్లీ మొదలుపెట్టాలన్న నిబంధన పెట్టారు. ఆ నెల ఎవరో ఆ పని చేయలేదు. తప్పు మనిషిదేనని రాసేయడం సులువు. కానీ ప్రోగ్రామ్‌లో ఉన్న తప్పును దిద్దకుండా, దాన్ని క్యాలెండర్‌కు అప్పగించిన నిర్ణయం ముందు ఆ మరుపు చిన్నది. ఆ రోజు రాడార్ శుభ్రంగా పనిచేసింది. విమానాలు ఒకదానికొకటి దగ్గరవుతుంటే కంట్రోలర్లు చూడగలిగారు, చెప్పలేకపోయారు.

తప్పంతా లోపలే ఉంటుందనీ కాదు. 2014 జూన్ 5, 10 తేదీల్లో ఆస్ట్రియా, జర్మనీ, చెక్ రిపబ్లిక్, స్లొవేకియా మీదుగా ఎగురుతున్న విమానాలు కొన్ని తెరల మీద నుంచి మాయమయ్యాయి. రాడార్లన్నీ బాగానే ఉన్నాయి. యూరోపియన్ విమానయాన భద్రతా సంస్థ విచారణలో తేలిందేమిటంటే, ఎవరో ఆ ట్రాన్స్‌పాండర్లను పరిమితికి మించి ప్రశ్నలు అడిగారు. జవాబులు చెప్పీ చెప్పీ అవి చేతులెత్తేశాయి. 2015 నవంబరు 4న స్వీడన్‌లో సూర్యుడే ఆ పని చేశాడు. సౌర విస్ఫోటం నుంచి వచ్చిన రేడియో శక్తి సెకండరీ రాడార్లు వినే తరంగాల మీదే పడింది. పొద్దు వాలుతున్న వేళ కాబట్టి యాంటెన్నాలు సూర్యుడి వైపు తిరిగినప్పుడల్లా తెరల మీద లేని విమానాలు పుట్టుకొచ్చాయి. అధికారులు కొంతసేపు గగనతలం మూసేశారు.

చూపు పోయినప్పుడు చేసేది

రాడార్ పుట్టకముందే విమానాలను నడిపారు. సముద్రాల మీద రాడార్ లేకుండానే దశాబ్దాలు నడిచింది. దానికి ప్రొసీజరల్ కంట్రోల్ అని పేరు. పైలట్ ఫలానా పాయింటు ఫలానా సమయానికి దాటానని చెబుతాడు, కంట్రోలర్ కాగితం స్ట్రిప్ మీద రాసుకుంటాడు, రెండు విమానాల మధ్య ఎడం మైళ్లలో కాక నిమిషాల్లో ఉంచుతాడు. ఒకే దారిలో ఒకే ఎత్తున పోయే విమానాల మధ్య పది నిమిషాలు, పదిహేను నిమిషాలు మామూలు లెక్క.

పది నిమిషాలంటే జెట్ విమానానికి 130 కిలోమీటర్లకు పైనే. రాడార్ ఉన్నప్పుడు మార్గమధ్యంలో ఉంచేది 5 నాటికల్ మైళ్లు, అంటే 9 కిలోమీటర్ల చిల్లర. ఒకే దారిలో పధ్నాలుగు విమానాలు పట్టే చోట ఒక్కటే పడుతుందన్నమాట. రాడార్ పోతే చిక్కు ఇక్కడే. పద్ధతి తెలియక కాదు. ఆకాశంలో అప్పటికే ఉన్న విమానాలు రాడార్ లెక్కన సర్దినవి. వాటిని ఒక్క క్షణంలో నిమిషాల లెక్కలోకి మార్చడానికి ఖాళీ లేదు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనలు ఈ పరిస్థితిని ముందే ఊహించాయి. రాడార్ పోయి రేడియో మిగిలితే, చివరిసారి కనిపించిన స్థానాలన్నీ గుర్తించుకోవాలి, ప్రొసీజరల్ ఎడం ఏర్పరచాలి, కొత్త విమానాలను తన ప్రాంతంలోకి రానీయకుండా తగ్గించాలి. పక్కపక్కన ఎడం కుదరనప్పుడు తాత్కాలికంగా నిలువు ఎడాన్ని సగానికి తగ్గించుకోవచ్చని కూడా అందులో ఉంది. వెయ్యి అడుగులుండాల్సిన చోట అయిదొందలు. భద్రతా నిబంధనే భద్రతా దూరాన్ని సగం చేసుకోమంటుందంటే వింతగా ఉంటుంది. కానీ అడ్డంగా ఎంత దూరంలో ఉన్నాయో తెలియనప్పుడు, నిలువున కచ్చితంగా తెలిసిన అయిదొందల అడుగులే గట్టి ఆధారం. విమానం ఎత్తు కొలిచే పరికరం విమానంలోనే ఉంది, అది కంట్రోల్ గది కరెంటు మీద ఆధారపడదు.

ఇక్కడ అనుభవమే ఆస్తి. మంచి కంట్రోలర్లు తెర చూసి కాదు, తలలో ఉన్న చిత్రం చూసి పనిచేస్తారు, తెర దాన్ని సరిచూసుకోవడానికి. తెర నల్లబడిన తర్వాత కూడా ఆ చిత్రం కాసేపు మిగులుతుంది. సమయం గడిచేకొద్దీ అదీ చెదిరిపోతుంది. కాగితం స్ట్రిప్‌లు పోయి అన్నీ తెరల మీదకు ఎక్కాక ఆ చిత్రాన్ని నిలబెట్టే ఊతం కూడా తగ్గింది. రోజూ రాడార్ మీదే పనిచేసేవాళ్లు ప్రొసీజరల్ పద్ధతిని సిమ్యులేటర్‌లో అప్పుడప్పుడు తప్ప చేయరు.

అయినా నెవార్క్‌లో, మనీలాలో, స్వానిక్‌లో ప్రమాదం జరగకపోవడం కేవలం అదృష్టం కాదు. వ్యవస్థ పడిపోయిందని అందరికీ ఒకేసారి తెలిసింది. టేకాఫ్‌లు ఆపేశారు, పక్క కేంద్రాలు విమానాలను పట్టుకున్నాయి, ఢీకొనే ప్రమాదముంటే పైలట్‌కు పైకో కిందికో వెళ్లమని చెప్పే, విమానాల్లోని టీక్యాస్ పరికరాలు ఒకదానినొకటి చూసుకుంటూనే ఉన్నాయి. వైఫల్యం గట్టిగా అరిచింది కాబట్టి అందరూ విన్నారు.

అరవని వైఫల్యాలు

2002 జూలై 1 రాత్రి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కేంద్రంలో ఏదీ అరవలేదు. మరమ్మతు పని కోసం ప్రధాన రాడార్ కంప్యూటర్‌ను ఆపి, తెరలను బ్యాకప్ మీద నడిపిస్తున్నారు. తెర మీద విమానాలన్నీ కనిపిస్తున్నాయి. ఆ స్థితిలో ఎడం 5 నాటికల్ మైళ్లకు బదులు 7 ఉంచాలి. రెండు విమానాలు దగ్గరవుతుంటే తెర మీద ముందుగా మెరిసి హెచ్చరించే సౌకర్యం ఆ స్థితిలో ఉండదు. ఆ సంగతి విధిలో ఉన్న కంట్రోలర్‌కు సరిగా తెలియదు. అదే సమయంలో ప్రధాన టెలిఫోన్ వ్యవస్థనూ మరమ్మతుకు ఆపారు. ప్రత్యామ్నాయ లైను పనిచేయడం లేదు. రెండో కంట్రోలర్ విశ్రాంతికి వెళ్లాడు. అది అక్కడ మామూలుగా సాగిపోయే అలవాటే.

ఒక్క మనిషి, రెండు వర్క్‌స్టేషన్లు. ఆలస్యంగా వస్తున్న ఒక విమానాన్ని జర్మనీలోని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ విమానాశ్రయంలో దించడానికి అక్కడికి ఫోన్ చేయాలని పదేపదే ప్రయత్నిస్తూ ఒక తెర ముందే ఉండిపోయాడు. రెండో తెర మీద 36,000 అడుగుల ఎత్తున మాస్కో నుంచి బార్సిలోనా వెళ్తున్న టుపొలెవ్ ప్రయాణికుల విమానం, బెర్గామో నుంచి బ్రస్సెల్స్ వెళ్తున్న డీహెచ్ఎల్ సరకు విమానం ఒకదానికొకటి ఎదురవుతున్నాయి. జర్మనీలోని కార్ల్స్‌రూ కేంద్రంలో వాళ్ల హెచ్చరిక మోగింది. ఆ కంట్రోలర్ జ్యూరిక్‌కు మళ్లీ మళ్లీ ఫోన్ చేశాడు. కలవలేదు. జ్యూరిక్ కంట్రోలర్ గమనించి టుపొలెవ్‌ను దిగమని చెప్పేసరికి మిగిలినవి 43 సెకన్లు. కొద్ది క్షణాలకే ఆ విమానంలోని టీక్యాస్ పైకి వెళ్లమంది. సిబ్బంది కంట్రోలర్ మాట విన్నారు. డీహెచ్ఎల్ సిబ్బంది తమ టీక్యాస్ మాట విని వాళ్లూ దిగారు. జర్మనీలోని ఊబెర్లింగెన్ పట్టణం మీద రెండూ ఢీకొని 71 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలు.

ఈ జాబితాలో ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్నదే. రాడార్ పోలేదు, బ్యాకప్‌కు మారింది. ఎడం నిబంధన కూడా ఉంది. మరమ్మతు రద్దీ లేని రాత్రివేళ పెట్టుకోవడంలోనూ తర్కం ఉంది. ఆ రాత్రి ఏ ఏ సౌకర్యాలు లేవో, అవి లేకపోతే పనిలో ఏం మారాలో ఆ కుర్చీలోని మనిషికి వివరంగా చెప్పినవాళ్లే లేరు. తెర పూర్తిగా నల్లబడి ఉంటే? అతను పక్క గదిలోని తోటి కంట్రోలర్‌ను లేపి ఉండేవాడు, పైనున్న విమానాలను పక్క కేంద్రాలు పట్టుకునేవి. సగం పనిచేసే వ్యవస్థ అంతా బాగుందన్న నమ్మకం కలిగిస్తుంది. నా దృష్టిలో ఇంజినీరింగ్ పరంగా ఈ రంగంలో ఇంకా సరిగా తేలని ప్రశ్న ఇదే: లేనిదాన్ని తెర మీద ఎలా చూపించాలి?

పసిఫిక్ మహాసముద్రంలోని అమెరికా దీవి గువామ్‌లో జరిగినది ఇంకా నిశ్శబ్దమైనది. 1997 ఆగస్టు 6న కొరియన్ ఎయిర్ 801 రాత్రి వానలో రన్‌వేకు ముందే కొండను ఢీకొంది, 254 మందిలో 228 మంది మరణించారు. విమానం ప్రమాదకరంగా కిందికి దిగితే కంట్రోలర్‌ను హెచ్చరించే వ్యవస్థ అక్కడి రాడార్‌లో ఉంది. తప్పుడు హెచ్చరికలు మరీ ఎక్కువగా వస్తున్నాయని దాన్ని ఉద్దేశపూర్వకంగానే కట్టడి చేశారు. చివరికి రాడార్‌కు 54 నాటికల్ మైళ్ల అవతల, ఎక్కువగా సముద్రం మీద, ఒక సన్నటి వలయంలో తప్ప అది పనిచేయని స్థితికి తెచ్చారు. పైలట్ల పొరపాటు ప్రధాన కారణమే అయినా, అమెరికా రవాణా భద్రతా బోర్డు ఈ కట్టడిని కూడా కారణాల్లో చేర్చింది. ఏ లైటూ ఆరలేదు, ఏ తెరా నల్లబడలేదు. ఆ హెచ్చరిక రావడం లేదని గుర్తు చేసే హెచ్చరిక ఎక్కడా లేదు.

2001 అక్టోబరు 8న ఇటలీలోని మిలాన్ లినాటె విమానాశ్రయంలో దట్టమైన పొగమంచులో ఒక చిన్న జెట్ దారి తప్పి రన్‌వే మీదకు వచ్చింది. టేకాఫ్ అవుతున్న ఎస్ఏఎస్ సంస్థ ప్రయాణికుల విమానం దాన్ని గుద్దడంతో 118 మంది చనిపోయారు. నేల మీద విమానాల కదలికలను చూపే పాత రాడార్‌ను అప్పటికే తీసేశారు. కొత్తది వచ్చింది గానీ పనిలో పెట్టలేదు.

మార్చడం ఎందుకు ఆలస్యం

అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ దేశంలోని 138 ఏటీసీ వ్యవస్థల్లో 51 నిలబెట్టుకోలేని స్థితికి, మరో 54 ఆ దిశకు చేరాయి. కొన్నిటికి విడిభాగాలు తయారు చేసే కంపెనీలే లేవు, ఫ్లాపీ డిస్కులు అప్పటికీ వాడుకలో ఉన్నాయి. 2025 మేలో ప్రకటించిన ప్రణాళికలో 618 రాడార్లను మార్చడం, రాగి తీగల స్థానంలో ఫైబర్ వేయడం ఉన్నాయి. ఆ జూలైలో కాంగ్రెస్ 12.5 బిలియన్ డాలర్లు కేటాయించింది.

డబ్బొక్కటే అడ్డంకి కాదు. ఏటీసీ ఒక్క గంట కూడా పూర్తిగా ఆగదు. పాతది నడుస్తుండగానే కొత్తది పక్కన నిలబెట్టి, రెండూ ఒకే చిత్రం చూపిస్తున్నాయో లేదో నెలల తరబడి సరిచూసి, ఒక రాత్రి మార్చాలి. ఆ మధ్య కాలంలోనే ప్రమాదం పొంచి ఉంటుంది. జ్యూరిక్‌లో జరుగుతున్నది మరమ్మతు, నెవార్క్‌లో జరిగింది బదిలీ, స్వానిక్‌లో ముందు రోజు చేసింది విస్తరణ. 2023 జనవరి 11న అమెరికాలో దేశవ్యాప్తంగా టేకాఫ్‌లు ఆగిపోవడానికి కారణం కూడా అలాంటిదే. పైలట్లకు నోటీసులిచ్చే డేటాబేస్‌ను దాని బ్యాకప్‌తో సరిపోల్చే పనిలో కాంట్రాక్టు సిబ్బంది పొరపాటున ఫైళ్లు తొలగించారు. ఈ కోణంలో చూస్తే కొత్త పరికరాల కొనుగోలు కన్నా వాటిని పెట్టే రాత్రుల ప్రణాళికకే ఎక్కువ తెలివి కావాలి.

రాడార్లను వదిలేసి ఉపగ్రహాల మీదకు మారిపోతే సరిపోదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఏడీఎస్-బీ పద్ధతిలో విమానం తన స్థానాన్ని జీపీఎస్ ద్వారా తానే తెలుసుకుని ప్రసారం చేస్తుంది. తిరిగే యాంటెన్నా అక్కర్లేదు, ఖర్చు తక్కువ, సమాచారం సెకనుకోసారి వస్తుంది. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి చాలా గగనతలాల్లో ఇది తప్పనిసరి. కానీ జీపీఎస్ సంకేతాన్ని చెడగొడితే ఆ ప్రాంతంలోని విమానాలన్నిటి స్థానాలూ ఒకేసారి తప్పుతాయి. బాల్టిక్ తీరంలో, పశ్చిమాసియాలో ఇప్పుడు జరుగుతున్నది అదే. నకిలీ సంకేతాలతో విమానం తాను లేనిచోట ఉన్నానని ప్రకటించేలా చేయొచ్చు. అప్పుడు తెర నల్లబడదు, చక్కగా వెలుగుతూ తప్పు చెబుతుంది. ఆ ప్రకటనను సరిచూసే మార్గం విమానం మాట మీద ఆధారపడనిది కావాలి. ట్రాన్స్‌పాండర్ సంకేతం నేల మీది పలు కేంద్రాలకు చేరే సమయాల తేడాతో స్థానం లెక్కగట్టే మల్టీలేటరేషన్ ఒకటి. రెండోది ఎవరినీ ఏమీ అడగకుండా ప్రతిధ్వని పట్టుకునే పాత ప్రైమరీ రాడార్.